ఎదుటి ఆటగాడు భారీగా ఆల్-ఇన్ పెడితే కాల్ చేయాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి

చిన్న స్టేక్స్ పోకర్ ఆడే మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. "నా దగ్గర ఏస్-కింగ్. ఫ్లాప్‌లో కింగ్ పడింది. రివర్‌లో అతను ఉన్న చిప్స్ అన్నీ తోసేశాడు. కాల్ చేయాలా, వద్దా?" పేకలు మారతాయి, టేబుల్ మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. జవాబు కూడా చాలాసార్లు ఒకటే: ఫోల్డ్ (పేకలు వదిలేయడం; కాల్ అంటే అతను పెట్టినంతా మీరూ పెట్టడం). అయితే మీ ముందున్న హ్యాండ్ ఆ "చాలాసార్లు"లోకి వస్తుందో రాదో నిమిషంలో తేల్చుకోవాలి. దానికి ఒక వరస ఉంది.

ఇక్కడ చెప్పేదంతా నో-లిమిట్ టెక్సస్ హోల్డెమ్ క్యాష్ గేమ్ గురించి. ఇందులో ఒక్కొక్కరి చేతిలో రెండు పేకలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు (బోర్డు): ముందు మూడు ఒకేసారి (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్). ఇవి పడకముందు జరిగేది ప్రీఫ్లాప్. అమెరికా క్యాసినోల్లో, టెక్సస్ క్లబ్బుల్లో నడిచే 1/2, 1/3 డాలర్ల టేబుళ్లు (ఈ అంకెలు ప్రతి హ్యాండ్‌కు ముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్), గోవా క్యాసినోల్లోని చిన్న టేబుళ్లు అనుకోండి. ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. యాప్‌లో ఆడటం ఎలా అని అడిగేవాళ్లకు ఇక్కడ జవాబు లేదు.

కావలసినవి

- పాట్‌లో (అందరూ పెట్టిన డబ్బు కలిపి) ఎంత ఉందో మొదటి నుంచీ మనసులో కూడుకుంటూ వచ్చే అలవాటు. నో-లిమిట్‌లో డీలర్ మీకు పాట్ లెక్కపెట్టి చెప్పడు.
- భాగహారం. ఇంజనీరింగ్ అక్కర్లేదు, ఐదో తరగతి చాలు.
- ఎదుటి ఆటగాడు గత గంటలో ఏం చేశాడన్న జ్ఞాపకం. మీరు ఫోల్డ్ చేసి కూర్చున్నప్పుడు ఫోన్ చూస్తుంటే ఇది దొరకదు.
- పోయినా నెల ఖర్చులకు ఇబ్బంది రాని డబ్బు. అద్దె డబ్బుతో కూర్చున్నవాళ్లకు ఏ లెక్కా పనిచేయదు. చేయాల్సిన కాల్ చేయరు, చేయకూడనిది కసితో చేస్తారు.

ఉదాహరణ హ్యాండ్

అన్ని మెట్లకూ ఇదే వాడదాం. 1/3 టేబుల్, ఇద్దరి దగ్గరా 500 డాలర్లు. మీ చేతిలో ఆఠీన్ ఏస్, డైమండ్ కింగ్. మీరు 15కు రేజ్ చేశారు. బటన్ మీదున్నతను (ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర ఆడేవాడు) కాల్, బిగ్ బ్లైండ్ కాల్. పాట్ 46 (స్మాల్ బ్లైండ్ 1 కలిపి; రేక్, అంటే రూము తీసుకునే వాటా, పక్కన పెడదాం).

ఫ్లాప్: ఇస్పేట్ కింగ్, డైమండ్ 8, ఇస్పేట్ 5. మీరు 30 పెట్టారు. బిగ్ బ్లైండ్ ఫోల్డ్, బటన్ కాల్. పాట్ 106.

టర్న్: కళావర్ 2. మీరు 65, అతను కాల్. పాట్ 236.

రివర్: ఆఠీన్ 9. మీరు చెక్ చేశారు (ఏమీ పెట్టకుండా వదిలారు). అతను మిగిలిన 390 మొత్తం ఆల్-ఇన్.

మెట్టు 1. ముందు ఆగండి, లెక్క అడగండి

ఆల్-ఇన్ అన్న మాట వినగానే గుండె దడదడలాడుతుంది. అది సహజమే. ఆ టెన్షన్‌లో నోరు జారకండి. "కాల్" అన్న మాట బయటికొస్తే అది కాలే, వెనక్కి తీసుకోలేరు. ఏమీ చెప్పకుండా ఒక్క చిప్ ముందుకు తోసినా చాలాచోట్ల కాల్ కిందే లెక్క. చేతులు పేకల మీద పెట్టుకుని, డీలర్‌ను ఆల్-ఇన్ ఎంతో లెక్కపెట్టమని అడగండి. ఇది మీ హక్కు. పైగా అరనిమిషం ఆలోచించుకునే సమయం దొరుకుతుంది.

చాలామంది మరిచిపోయేది: అతని దగ్గర 900 ఉన్నా మీ దగ్గర 390 ఉంటే, మీకు సంబంధించిన ఆల్-ఇన్ 390 మాత్రమే. పెద్ద గుట్ట చూసి బెదరకండి.

పక్క సీట్లో మన తెలుగు ఫ్రెండ్ ఉన్నా సరే, హ్యాండ్ నడుస్తుండగా తెలుగులో "ఏం చేయమంటావ్ అన్నా?" అనడం కుదరదు. అమెరికా రూముల్లో హ్యాండ్ నడిచేటప్పుడు ఇంగ్లిష్ మాత్రమే అన్న రూల్ సాధారణం. ఏ భాషలోనైనా మరొకరి సలహా అడగకూడదు. పేకలు చూపించడమూ అంతే.

మెట్టు 2. ఎంత శాతం గెలవాలో తేల్చండి

మీరు పెట్టాల్సిన డబ్బును, మీ కాల్‌తో కలిపి తయారయ్యే మొత్తం పాట్‌తో భాగించండి.

పాట్ 236 + అతని 390 + మీ 390 = 1016. 390ని 1016తో భాగిస్తే 38.4%.

అంటే ఇలాంటి చోట నూటికి 38, 39 సార్లు గెలిస్తే కాల్‌కు లాభనష్టాలు సమానం. సగం సార్లు గెలవక్కర్లేదు. టేబుల్ మీద భాగహారం తిరగకపోతే ఈ నాలుగూ కంఠస్థం చేసుకోండి:

- పాట్‌లో సగం బెట్: 25%
- పాట్ అంత బెట్: 33%
- పాట్‌కు ఒకటిన్నర రెట్లు: 37.5%
- పాట్‌కు రెండు రెట్లు: 40%

జాగ్రత్త: మీ సొంత 390ని కింద కలపడం మరిచిపోతే 390ని 626తో భాగించి 62% అని వస్తుంది. అది చూసి మంచి కాల్స్ వదిలేసుకునేవాళ్లున్నారు. ఆ 62%కు వేరే పని ఉంది, ఐదో మెట్టులో వాడదాం.

మెట్టు 3. కథను మొదటి నుంచి చెప్పుకోండి

అతను ప్రీఫ్లాప్‌లో రీ-రేజ్ చేయలేదు, కాల్ చేశాడు. కాబట్టి ఏస్-ఏస్, కింగ్-కింగ్ దాదాపు లేవు. ఫ్లాప్‌లో కాల్, టర్న్‌లో కాల్. ఏదో పట్టుకునే ఉన్నాడు: ఒక జత, డ్రా (ఇంకో పేక పడితే పూర్తయ్యే చేయి), లేదా దాచిపెట్టిన సెట్ (ఒకే అంకెవి మూడు). రివర్‌లో 9 పడింది. అప్పటిదాకా కాల్ చేస్తూ వచ్చినవాడు ఒక్కసారిగా పాట్‌కు ఒకటిన్నర రెట్ల పైన పెట్టాడు.

ఇక్కడ మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న: "ఈ 9 వల్ల ఎవరికి మేలు జరిగింది?" 7-6 ఉన్నవాడికి స్ట్రెయిట్ (వరసగా ఐదు అంకెలు, 5 నుంచి 9) పూర్తయింది. 9-9 ఉన్నవాడికి సెట్. కింగ్-9 ఉన్నవాడికి రెండు జతలు. ఫ్లష్ డ్రా (ఐదూ ఇస్పేట్‌లు కావడానికి ఒక్క పేక తక్కువ) ఉన్నవాడికి ఏమీ రాలేదు.

మెట్టు 4. మిమ్మల్ని ఓడించేవి లెక్కపెట్టండి

అసలు పని ఇక్కడే ఉంది, అందరూ దాటేసేది కూడా ఇదే. "అతని దగ్గర సెట్ ఉండొచ్చు" అంటే సరిపోదు, ఎన్ని రకాలుగా ఉండొచ్చు అన్నది కావాలి. వీటినే కాంబోలు అంటారు.

లెక్క సులువే. ఒక జత (ఉదాహరణకు క్వీన్-క్వీన్) 6 రకాలుగా వస్తుంది. ఆ అంకె పేక ఒకటి మీకు కనబడుతుంటే 3 రకాలు. వేర్వేరు అంకెల రెండు పేకలు (ఏస్-కింగ్ లాంటివి) 16 రకాలు. అందులో ఒకే రంగువి (రెండూ ఇస్పేట్, లేదా రెండూ ఆఠీన్ లాంటివి) 4, వేర్వేరు రంగులవి 12. కనబడుతున్న పేకలను తీసేసి గుణించుకోవాలి.

మన హ్యాండ్‌లో, అతను ప్రీఫ్లాప్‌లో కాస్త పద్ధతిగా ఆడేవాడనుకుంటే:

- 8-8, 5-5, 9-9: తలా 3, మొత్తం 9
- ఒకే రంగు 7-6: 4
- ఒకే రంగు కింగ్-8: 2, కింగ్-9: 1 (ఇస్పేట్ కింగ్ బోర్డు మీద, డైమండ్ కింగ్ మీ చేతిలో. మిగిలినవి రెండే)
- ఒకే రంగు 9-8: 2

మొత్తం 18.

టేబుల్ దగ్గర ఇంత వివరంగా రాదు, నిజమే. "సెట్లు తొమ్మిది, స్ట్రెయిట్ నాలుగు, రెండు జతలు ఓ ఐదు" అని గుంపులుగా చెప్పుకుంటే పది సెకన్లలో అయిపోతుంది. ఇంటి దగ్గర రోజుకో హ్యాండ్ కాగితం మీద వేసుకుంటే చేయి తిరుగుతుంది.

ఇంకో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. "అతను ఏ చెత్తతోనైనా ఆడతాడు, కాబట్టి బ్లఫ్ఫే, చేయి లేకుండా బెదిరిస్తున్నాడు" అనుకుంటారు. ఏ చెత్తతోనైనా ఆడేవాడి దగ్గర వేర్వేరు రంగుల 7-6 కూడా ఉంటుంది. అవే 12. వేర్వేరు రంగుల కింగ్-9 మరో 5. వదులుగా ఆడేవాడి దగ్గర మిమ్మల్ని ఓడించేవి తగ్గవు, పెరుగుతాయి.

మెట్టు 5. మీరు ఓడించేవి లెక్కపెట్టండి

రివర్‌లో మీరు గెలవాలంటే అతను బ్లఫ్ చేసుండాలి, లేదా మీకన్నా తక్కువ చేతిని ఎక్కువ అనుకుని పెట్టుండాలి.

తప్పిపోయిన ఇస్పేట్ ఫ్లష్ డ్రాలు: ఇస్పేట్ ఏస్‌తో క్వీన్, జాక్, 10, 7, 6, 4, 3 అంటే 7. వాటికి ఇస్పేట్ క్వీన్-జాక్, క్వీన్-10, జాక్-10 కలిపితే 10.

ఇప్పుడా 62% బయటికి తీయండి. మీరు పెట్టాల్సిన డబ్బును కాల్‌కు ముందున్న పాట్‌తో భాగిస్తే (390 / 626) వచ్చేది ఇదే: మిమ్మల్ని ఓడించే ప్రతి 100 కాంబోలకు మీరు ఓడించేవి కనీసం 62 ఉండాలి. ఓడించేవి 18 అయితే మీకు కనీసం 12 కావాలి. ఉన్నవి 10.

అంటే తప్పిపోయిన ప్రతి డ్రాతోనూ, ఒక్కటి కూడా వదలకుండా, 390 డాలర్లు తోసేసే మనిషైనా ఈ కాల్ గిట్టదు. సగం సార్లే బ్లఫ్ చేస్తాడనుకుంటే 5కు 18, మీరు గెలిచేది సుమారు 22%. అప్పుడు కాల్ చేసిన ప్రతిసారీ సగటున దాదాపు 170 డాలర్లు పోతాయి. ఒక్కోసారి గెలిచి 626 లాగుతారు కాబట్టి ఈ 170 కంటికి కనబడదు.

టేబుల్ మీద సులువు కొలత: సగం పాట్ బెట్‌కు, మిమ్మల్ని ఓడించేవాటిలో మూడో వంతు బ్లఫ్‌లు కావాలి. పాట్ అంత బెట్‌కు సగం కావాలి. రెండు రెట్ల బెట్‌కు మూడింట రెండు వంతులు.

మెట్టు 6. మనిషిని బట్టి సర్దండి

లెక్క అయ్యాక మనిషిని చూడాలి. ముందు మనిషిని చూసి తర్వాత లెక్క వేస్తే, మనకు కావాల్సిన జవాబు వచ్చేలా లెక్క వంగుతుంది.

*నెమ్మదిగా కాల్ చేస్తూ ఆడేవాళ్లు.* చిన్న స్టేక్స్‌లో ఎక్కువమంది వీళ్లే. గంటసేపు కాల్, కాల్, కాల్. సరదాగా మాట్లాడతారు, వాళ్లబ్బాయి కాలేజీ గురించి చెబుతారు. ఇలాంటాయన రివర్‌లో ఉన్నదంతా పెట్టాడంటే బ్లఫ్‌లు పదిలో ఒకటి, రెండు అనుకోండి, అది కూడా ధారాళంగా. ఏస్-కింగ్ ఒక జత వదిలేయండి. టర్న్‌లో ఆయన మీ మీద పెద్ద రేజ్ కొట్టినా ఇదే మాట.

*అప్పుడే పెద్ద పాట్ పోగొట్టుకుని కసి మీదున్నవాళ్లు.* వీళ్లు కింగ్-క్వీన్‌తో కూడా 390 పెడతారు. అది 8 కాంబోలు, అన్నీ మీరు గెలిచేవే. సగం డ్రాలు (5) కలిపితే 13కు 18, అంటే 42%. కాల్. చూశారా, బోర్డు అదే, బెట్ అదే, జవాబు మారింది. అయితే ఆ మనిషి ఒక జతతో భారీగా పెట్టగా మీరు కళ్లారా చూసి ఉండాలి. "అలా పెట్టేవాడిలా ఉన్నాడు" అన్నది చాలదు.

*హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్ర రెగ్యులర్లు (తరచూ వచ్చి ఆడేవాళ్లు).* ఈ బోర్డు మీద బ్లఫ్ చేయడం వీళ్లకు వచ్చు. కానీ చిన్న స్టేక్స్‌లో జనం ఫోల్డ్ చేయరని కూడా వీళ్లకు తెలుసు, అందుకే మీరనుకున్నంతగా చేయరు. లెక్క ఎలా వస్తే అలా వెళ్లండి.

*30, 40 బిగ్ బ్లైండ్లతో (1/3 టేబుల్‌లో 90, 120 డాలర్లతో) కూర్చున్నవాళ్లు.* వీళ్ల ఆల్-ఇన్ పాట్‌తో పోలిస్తే చిన్నది, ధర బాగుంటుంది. పైన చెప్పిన భయం వీళ్లకు వర్తించదు. టాప్ పెయిర్‌తో (బోర్డులోని పెద్ద పేకతో జత) ఎక్కువసార్లు కాలే.

చేతులు వణకడం, మెడ దగ్గర నరం కొట్టుకోవడం లాంటివి పట్టించుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. కొత్త ఆటగాళ్లకు చేతులు వణికితే ఎక్కువసార్లు అది మంచి పేకలు వచ్చిన ఆనందం, భయం కాదు. 36%, 38% మధ్య ఊగుతున్న చోట వాడుకోండి, 22%ను 40% చేయడానికి వాడకండి.

మెట్టు 7. పోల్చండి, చెప్పండి

రెండో మెట్టులో వచ్చిన శాతం, ఆరో మెట్టులో సర్దిన శాతం పక్కపక్కన పెట్టండి. తేడా ఐదారు శాతం పైన ఉంటే సందేహం లేదు. దగ్గరగా ఉంటే ఫోల్డ్ చేసినా కాల్ చేసినా పెద్ద నష్టం లేదు, దాని గురించి రాత్రంతా ఆలోచించక్కర్లేదు. ఇలాంటి సమయంలో చిన్న స్టేక్స్‌లో నేనైతే ఫోల్డ్ వైపే మొగ్గుతాను. జనం బ్లఫ్‌లను మనం ఎప్పుడూ ఎక్కువే ఊహిస్తాం.

నిర్ణయం అయ్యాక "కాల్" లేదా "ఫోల్డ్" అని నోటితో స్పష్టంగా చెప్పండి. ఫోల్డ్ చేస్తే పేకలు చూపించొద్దు. ఏస్-కింగ్ వదిలేశారని తెలిస్తే తర్వాతి గంటంతా మీ మీదకే వస్తారు.

పేకలు ఇంకా పడాల్సి ఉంటే

ఫ్లాప్‌లోనే ఆల్-ఇన్ వచ్చి మీకు డ్రా ఉంటే కాంబోల లెక్క తగ్గుతుంది, ఔట్ల (పడితే మీరు గెలిచే పేకల) లెక్క వస్తుంది. ఔట్లను ఫ్లాప్‌లో 4తో, టర్న్‌లో 2తో గుణించండి. ఫ్లష్ డ్రాకు 9 ఔట్లు: ఫ్లాప్‌లో 36% (అసలు 35), టర్న్‌లో 18% (అసలు 19.6). 4తో గుణించడం ఆల్-ఇన్‌కు మాత్రమే. ఇంకా బెట్టింగ్ మిగిలి ఉంటే వాడకూడదు, ఎందుకంటే రెండో పేక చూడటానికి మళ్లీ డబ్బు కట్టాల్సి రావచ్చు.

పాట్ 60, అతను 140 తోశాడు. 140ని 340తో భాగిస్తే 41% కావాలి. ఉత్త ఫ్లష్ డ్రా చాలదు. మీ ఏస్ కూడా బోర్డు కన్నా పెద్దదై, అతనికి ఒక జతే ఉంటే 12 ఔట్లు, సుమారు 45%, అప్పుడు కాల్. అతనికి సెట్ ఉంటే మాత్రం మీ ఫ్లష్ డ్రా విలువ 25% దగ్గరికి పడిపోతుంది. కాబట్టి "ఏ చేతులతో తోస్తాడు" అన్న ప్రశ్న ఇక్కడా తప్పదు.

ప్రీఫ్లాప్‌కు ఒక్క ఉదాహరణ చాలు. మీ దగ్గర క్వీన్-క్వీన్. మీరు 15, అతను 50, మీరు 130, అతను 400 ఆల్-ఇన్, బ్లైండ్లు ఫోల్డ్. 270 పెట్టి 534 కోసం, అంటే సుమారు 34% కావాలి. అతని దగ్గర ఏస్-ఏస్, కింగ్-కింగ్ (12 కాంబోలు), ఏస్-కింగ్ (16) అన్నీ ఉంటే మీరు దాదాపు 40% గెలుస్తారు, కాల్. ఏస్-కింగ్‌తో సగం సార్లే తోస్తాడంటే సరిగ్గా అంచున ఉంటారు. ఏస్-కింగ్‌తో ఎప్పుడూ తోయని జాగ్రత్తపరుడైతే 18 దరిదాపుల్లోకి దిగిపోతారు. ఫోల్డ్ చేయడానికి గుండె రాదు, కానీ చేయాలి.

టోర్నమెంట్లకు ఈ శాతాలు నేరుగా వాడొద్దు. బహుమతి దగ్గర పడే కొద్దీ కాల్‌కు ఇంకా ఎక్కువ శాతం కావాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"ఇప్పటికే 110 పెట్టాను, ఇప్పుడెలా వదలను?" ఆ 110 మీది కాదు, పాట్‌ది. రెండో మెట్టులో ఒకసారి లెక్కకొచ్చేసింది.

"ఏముందో చూడాలి కదా." చూడటానికి 390 డాలర్లు. సినిమా టికెట్ చవక.

"టాప్ పెయిర్, టాప్ కిక్కర్ అండీ!" (కిక్కర్ అంటే జతకు తోడుండే పక్క పేక.) మీ చేయి ఎంత గొప్పదన్నది రివర్‌లో ప్రశ్న కాదు. ఇంత పెద్ద బెట్ ముందు ఏస్-కింగ్, కింగ్-జాక్ రెండూ దాదాపు ఒకటే. రెండూ బ్లఫ్‌లనే ఓడిస్తాయి.

"ఇందాక బ్లఫ్ చేసి చూపించాడు." 20 డాలర్ల పాట్‌లో చూపించిన బ్లఫ్, 390 డాలర్ల బ్లఫ్‌కు సాక్ష్యం కాదు.

సరిగ్గా చేశారో లేదో ఎలా చూసుకోవాలి

గెలిచారా ఓడారా అన్నదాన్ని బట్టి చూడొద్దు. 22% కాల్ కూడా ఐదుసార్లలో ఒకసారి గెలుస్తుంది, ఆ ఒక్కసారే జ్ఞాపకముంటుంది.

హ్యాండ్ అయ్యాక టేబుల్ నుంచి లేచి ఫోన్‌లో ఇవి రాసుకోండి: స్టాక్‌లు (ఇద్దరి దగ్గరున్న చిప్స్), ప్రతి దశలో పాట్, బోర్డు, బెట్లు, ఎంత శాతం కావాలనుకున్నారు, ఎంత ఉందనుకున్నారు. ఈ చివరి రెండూ అతని పేకలు తెలియక ముందు మీ మనసులో ఉన్నవే రాయాలి. తెలిశాక దిద్దితే నోట్స్ ఉన్నా లేనట్టే.

ఇంటికొచ్చాక ఉచితంగా దొరికే ఏదైనా ఈక్విటీ (గెలుపు శాతం) కాలిక్యులేటర్‌లో మీ పేకలు, బోర్డు, మీరు ఊహించిన అతని చేతులు ఎక్కించండి. మన ఉదాహరణలో 18, 10 ఎక్కిస్తే 36% దగ్గర రావాలి. మీ అంచనాకూ దానికీ పదిశాతం తేడా వస్తే పొరపాటు సాధారణంగా నాలుగో మెట్టులో ఉంటుంది. ఏదో ఒక సెట్‌నో స్ట్రెయిట్‌నో మరిచిపోయి ఉంటారు.

రెండో పరీక్షకు పైసా ఖర్చు లేదు. మీరు లేని హ్యాండ్లలో రివర్ ఆల్-ఇన్‌కు ఎవరో ఒకరు కాల్ చేసి పేకలు తిప్పినప్పుడు, తోసినవాడు ఎలాంటి ఆటగాడు, ఏం చూపించాడు అన్నది ఒక లైన్ రాయండి. కాల్‌లతో ఆడేవాళ్లకు ఒక పేజీ, కసి మీదున్నవాళ్లకు ఒకటి, రెగ్యులర్లకు ఒకటి. పేజీకి ఇరవై లైన్లు నిండాక బ్లఫ్‌లు ఎన్నో లెక్కపెట్టండి. ఆరో మెట్టులో నేను చెప్పిన "పదిలో ఒకటి, రెండు" మీ రూములో వేరుగా ఉంటే, నా అంకె తీసేసి మీది వాడండి.